అరిగిన సిక్కా

మమ్మల్ని నవాబుల వారసులంటారు. సరే, హాలీ సిక్కానే చూద్దాం. 1857 తిరుగుబాటు దాకా దాని మీద ఢిల్లీ పాదుషా పేరు, ఆ తర్వాత నిజాం పేరు. ఉస్మాన్ అలీఖాన్ రూపాయి మీద చార్మినార్, దాని గుమ్మంలో ఆయన పేరు మొదటి అక్షరం ‘ఐన్’. అదే సర్కారు నోటు మీద ఉర్దూ పక్కన తెలుగు, మరాఠీ, కన్నడం. 1959 నాటికి హాలీ చెల్లకుండా పోయింది.

మరి ఆ అక్షరాలను అరగదీసిన చేతులెవరివి? దూదేకినవాళ్లవి, బీడీలు చుట్టినవాళ్లవి, జట్కా తోలినవాళ్లవి, వాళ్లతో కలిసి కూలికెళ్లిన మాల మాదిగలవి. ఆ పేర్లు ఏ టంకశాలా అచ్చెయ్యలేదు. సిక్కాకు కొక్కెం అతికించి మెళ్లో వేసుకున్న తల్లి దాన్ని ఏ కరువులో అమ్ముకుందో! మా కథలు అక్కడ మొదలవ్వాలి.