బ్రాకెట్లు లేని అగ్రిమెంట్లు

కోడ్‌లో "ఏ లేదా బీ మరియు సీ" అని కండిషన్ రాస్తే గొడవ లేదు. ముందు ఏది కలపాలో కంపైలర్‌కి తెలుసు. అదే ముక్క అగ్రిమెంటులో రాస్తే? అక్కడ కంపైలర్ ఉండదు, చెరో పక్కా ఒక లాయరుంటాడు!

ఈ తలనొప్పి పాతదే. లైబ్నిజ్ అనగానే మనకి కాల్క్యులస్, బైనరీ గుర్తొస్తాయి గానీ ఆయన డాక్టరేట్ చేసింది న్యాయశాస్త్రంలో. 1665లో, ఇరవయ్యేళ్ళు కూడా నిండకముందే, చట్టంలోని షరతుల మీద థీసిస్ రాశాడు. హక్కు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1, షరతు మీద ఆధారపడితే మధ్యలో ఓ భిన్నం.

1957లో అమెరికాలో లేమన్ ఆలెన్ యేల్ లా జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. చట్టపు వాక్యాన్ని ముక్కలు చేసి, "అయితే", "మరియు", "లేదా" ఎక్కడెక్కడ కలుస్తున్నాయో విడదీసి రాయమన్నాడు. 1986లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో సెర్గాట్, కొవాల్‌స్కీ బృందం బ్రిటిష్ పౌరసత్వ చట్టాన్ని ప్రొలాగ్‌లో రాసి చూపించింది.

ఇదంతా ప్రొఫెసర్ల సరదా అనుకుంటున్నారా? కెనడాలో రోజర్స్, ఏలియంట్ కంపెనీల మధ్య స్తంభాల మీద కేబుళ్ళు వేసుకునే ఒప్పందం ఉండేది. మొదట అయిదేళ్ళు, ఆపైన మళ్ళీ అయిదేళ్ళ చొప్పున, ఏడాది ముందు నోటీసిచ్చి రద్దు చేసుకుంటే తప్ప. ఆ "తప్ప" మొదటి అయిదేళ్ళకీ వర్తిస్తుందా, పొడిగింపుకి మాత్రమేనా? 2006లో అక్కడి టెలికం నియంత్రణ సంస్థ ఒక కామాని పట్టుకుని, మొదటి అయిదేళ్ళలోనూ రద్దు చేసుకోవచ్చంది. 2007లో ఫ్రెంచి ప్రతి చూసి, తీర్పు తిరగేసింది. రెండు బ్రాకెట్లు పెట్టుంటే అసలీ తగవే లేదు.

అలాగని లాజిక్ అన్నీ తేల్చేస్తుందని కాదు. మన 1872 కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్‌లో చక్కటి ఉదాహరణుంది. వంద టన్నుల నూనె అమ్ముతానని, ఏ నూనో తెలిసే ఆధారమేదీ లేకుండా ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లదు. కానీ అమ్మేవాడు కొబ్బరినూనె వ్యాపారం మాత్రమే చేస్తుంటే చెల్లుతుంది. ఎందుకంటే ఏ నూనో అతని వ్యాపారమే చెబుతోంది. ఏ ఫార్ములాలోనూ లేని సమాచారమది.

అంటే లాజిక్ పని తీర్పు చెప్పడం కాదు, వాక్యానికి ఎన్ని అర్థాలున్నాయో సంతకానికి ముందే చూపించడం.

మనవాళ్ళకి ఇది అవసరం. నా స్నేహితుడొకడి బాండులో ఇలా ఉంది: "రెండేళ్ళలోపు మానేస్తే లేదా తొలగిస్తే మరియు నోటీసు కాలం పూర్తిచెయ్యకపోతే లక్ష రూపాయలు కట్టాలి." నోటీసు మొత్తం పనిచేసి మానేసినవాడు కట్టాలా? ఒక బ్రాకెట్ ప్రకారం కట్టాలి, ఇంకో బ్రాకెట్ ప్రకారం అక్కర్లేదు. 74వ సెక్షన్ ప్రకారం రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. ఎంత సమంజసమో తేలాలంటే మాత్రం కోర్టు మెట్లెక్కాలి.

పది లైన్ల కోడ్‌కి రివ్యూ అడిగే మనం, రెండేళ్ళ జీవితాన్ని రాసిచ్చే కాగితంలో చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేస్తాం. ఈసారి ఓ పెన్సిల్ తీసుకుని బ్రాకెట్లు పెట్టి చూడండి. రెండు రకాలుగా పెట్టగలిగితే, ఏది సరైనదో హెచ్ఆర్ వాళ్ళని రాతపూర్వకంగా అడగండి. అడగడానికి డబ్బులేం పట్టుకోరు కదా!