ఇంగ్లీషు కావాలి, బైబిలు వద్దు

1852లో బందరు భగ్గుమంది. రాబర్ట్ నోబుల్ దొర బడిలో చదివే ఇద్దరు కుర్రాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. కబురు ఊళ్లో పాకిందో లేదో, తండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి దాదాపు ఖాళీ అయింది.

నోబుల్ ఏదీ దాచిపెట్టలేదు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున పైకులాల పిల్లల కోసం 1843లో ఆ బడి తెరిచాడు. అక్కడ బైబిలు పాఠం తప్పదని అందరికీ తెలుసు. అయినా పంపారు. సర్కారు కొలువుకు ఇంగ్లీషు దారి, ఆ ఇంగ్లీషు దొరికేది అక్కడ. మతం సంగతి పిల్లలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారులే అన్న ధీమా కాబోలు.

కొడుకు మతం మారితే పోయేది దేవుడొక్కడే కాదు. తలకొరివి పెట్టేవాడుండడు, బంధువులు పంక్తిలో కూర్చోనివ్వరు, చెల్లెళ్లకు సంబంధాలు రావు. పైగా మతం మారినా వారసత్వపు హక్కు పోదంటూ ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1850లోనే చట్టం చేసింది. ఇల్లు విడిచిన కొడుక్కి ఆస్తిలో వాటా మాత్రం పదిలం! ఆ తండ్రుల కోపంలో భక్తి ఎంతో, భూముల బెంగ ఎంతో తేల్చడం కష్టం.

మద్రాసు ఈ సెగను ముందే చూసింది. 1841లో జాన్ ఆండర్సన్ మిషన్ బడిలో బాప్తిస్మాలు జరిగితే అక్కడా పిల్లలు మానేశారు. మరుసటి ఏడే పచ్చయ్యప్ప ముదలియారు ధర్మనిధితో, మిషనరీల ప్రమేయం లేని బడి వెలిసింది.

1846లో గవర్నరు ట్వీడేల్ ఏకంగా సర్కారు బడుల్లోనే బైబిలును పాఠ్యపుస్తకం చేద్దామన్నాడు. మిషన్ బడి నచ్చకపోతే మానెయ్యొచ్చు. జనం శిస్తుతో నడిచే బడిని ఎందుకు మానాలి? గాజుల లక్ష్మీనరసు శెట్టి అనే తెలుగు వర్తకుడు ఊరుకోలేదు. చేతిలో సొంత పత్రిక ‘క్రెసెంట్’ ఉంది. సభ జరిపించి, లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు విజ్ఞాపన పంపించాడు. మరుసటి ఏడాది ఆ ప్రతిపాదనను వాళ్లు తోసిపుచ్చారు.

చదువుల విషయంలో లండన్ నుంచి వచ్చిన 1854 నాటి వుడ్ తాఖీదు ఇంకా గడుసుది. సర్కారు బడిలో మతబోధ ఉండదు, కానీ లైబ్రరీలో బైబిలు ఉండొచ్చు. బడి వేళలు దాటాక పిల్లలు తమంతట తాము అడిగితే పంతులు వివరించవచ్చు. మిషన్ బడులకు గ్రాంటు అందుతుంది, అక్కడి మతబోధ జోలికి ఇన్‌స్పెక్టర్లు పోరు. బందరు తండ్రులకు దీనివల్ల ఒరిగిందేమీ లేదు. ఇంగ్లీషు అవసరం తీరలేదు కనుక పిల్లలు నెమ్మదిగా నోబుల్ బడికే తిరిగొచ్చారు.

సర్కారు గుర్తింపుతోనో సాయంతోనో నడిచే బడిలో మైనరు పిల్లల్ని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదన్న నియమం 1950లో, రాజ్యాంగం 28వ అధికరణంతో వచ్చింది. అప్పటికి నోబుల్ బడి పుట్టి 107 ఏళ్లు.