గ్యాస్ తేమ మీటరు పరీక్ష – చరిత్ర

సహజవాయువు, హైడ్రోజన్, నైట్రోజన్ వంటి వాయువుల్లోని నీటి ఆవిరిని కొలిచే పరికరంలో లీకేజీ లేదని, నమూనా వాయువు నిర్ణీత వేగంతోనే ప్రవహిస్తోందని నిర్ధారించుకునే విధానం. ఈ రెండూ సరిగా లేకపోతే ఎంత సున్నితమైన పరికరమైనా తప్పు అంకె చూపుతుంది.

తొలి పరికరాలు: 1751లో మోంపెల్యే నగరానికి చెందిన షార్ల్ లెరువా పాత్రలోని నీటిని చల్లబరుస్తూ, పాత్ర బయట చెమ్మ పట్టే ఉష్ణోగ్రతను గుర్తించాడు. 1783లో సొస్యూర్ వెంట్రుకతో, 1820లో డేనియల్ ఈథర్‌తో, 1845లో రెన్యో మెరుగుపెట్టిన వెండితో తేమమాపకాలు రూపొందించారు. అవి కొలిచింది చుట్టూ ఉన్న గాలినే కనుక లీకేజీ ప్రశ్న తలెత్తలేదు.

పైపులైన్ల కాలం: గ్యాస్ పైపులను మూసేస్తున్నవి నీరు, సహజవాయువు కలిసి ఏర్పడే హైడ్రేట్లని 1934లో అమెరికాలో హామర్‌ష్మిట్ చూపాడు. దాంతో గొట్టం లోపలి తేమను కొలవడం తప్పనిసరైంది. అక్కడి పైపులైన్లలో పది లక్షల ఘనపుటడుగుల గ్యాస్‌కు 7 పౌండ్ల నీరు సాధారణ పరిమితిగా స్థిరపడింది.

కీడెల్ ఘటం: 1959లో డ్యూపాంట్ కంపెనీకి చెందిన ఎఫ్. ఎ. కీడెల్ ప్రకటించిన పద్ధతి ఈ చరిత్రలో కీలకమైన మలుపు. సన్నని గొట్టంలో ప్లాటినం తీగలపై ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పూత ఉంటుంది. అది ఆవిరిని పీల్చుకుంటే, విద్యుత్తు ఆ నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. ఫారడే నియమం వల్ల కరెంటును బట్టే నీటి పరిమాణం తెలుస్తుంది. నిమిషానికి 100 మిల్లీలీటర్ల వాయువు పంపితే ఒక్కో పీపీఎం (పది లక్షల్లో ఒక భాగం) తేమకు సుమారు 13.2 మైక్రోఆంపియర్లు వస్తాయి. ప్రవాహం పది శాతం పెరిగితే కరెంటూ పది శాతం పెరుగుతుంది. అందుకే బ్యూరెట్‌లో సబ్బు పొర ఒక గీత నుంచి మరో గీతకు ఎక్కే సమయాన్ని స్టాప్‌వాచీతో చూసి ప్రవాహాన్ని సరిచేస్తారు.

లీకేజీ పరీక్ష ఇంకా సూక్ష్మమైనది. 25 డిగ్రీల వద్ద, 50 శాతం ఆర్ద్రత ఉన్న గది గాలిలో 15 వేల పీపీఎంకు పైగా ఆవిరి ఉంటుంది. గొట్టం లోపల పీడనం ఎక్కువున్నా, ఆవిరి తన పాక్షిక పీడనాన్ని బట్టి రబ్బరు గోడల గుండా సైతం లోపలికి చేరుతుంది. కనుక స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు వాడతారు. వాయువు బయటికి వెళ్లే ద్వారం మూసినప్పుడు, లోపలికి వచ్చే ద్వారం దగ్గరి ఫ్లోమీటరు సున్నాకు దిగాలి. దిగకపోతే కీళ్లకు సబ్బునీరు పూసి చూస్తారు. సబ్బునీటికీ దొరకని లోపాన్ని పట్టే చక్కని ఉపాయం ఒకటుంది: ప్రవాహాన్ని సగానికి తగ్గిస్తే కరెంటు కూడా సగం కావాలి. అంతగా తగ్గకపోతే కొంత తేమ నమూనాది కాదని, గొట్టాల నుంచో చీలికల నుంచో వస్తోందని అనుమానించాలి.

తర్వాతి పరికరాలు: అల్యూమినియం ఆక్సైడ్ పొరపై 1953లో, క్వార్ట్జ్ స్ఫటికంపై 1964లో పరిశోధనలు వెలువడ్డాయి, అనంతరం లేజర్ పరికరాలు వచ్చాయి. వీటిలో కొన్నింటికి ప్రవాహ వేగం అంత ముఖ్యం కాకపోయినా, లీకేజీ పరీక్ష అన్నింటికీ అవసరమే.

తెలుగునాట: 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. పొడి గ్యాస్‌కు ఉద్దేశించిన గొట్టంలో తడి గ్యాస్ ప్రవహించి తుప్పు పట్టిందని దర్యాప్తులో తేలింది. గ్యాస్‌లోని తేమను నమ్మకంగా కొలవడం పక్కనున్న ఊళ్ల భద్రతకూ అవసరమని ఈ దుర్ఘటన స్పష్టం చేసింది.