సినిమా ఖాళీ వదిలిన పేజీ: కొమురం భీమ్ కోసం మనం ఏం ఎదురుచూసినం?

ఒక పెద్ద ఫాంటసీ సినిమా వస్తుందంటే మనం ఏం చేస్తం? టీజర్ వచ్చిన పది నిమిషాలకే ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి స్క్రీన్‌షాట్లు తీస్తం. పుస్తకం ముందే చదివినోళ్లు ఉంటే వాళ్లది ఇంకో లెవెల్. ఆ సీన్ ఉంటదా, ఈ క్యారెక్టర్‌ను తీసేస్తరా, క్లైమాక్స్ మారుస్తరా అని నెలల తరబడి ఒకటే చర్చ. ఇది కొత్త అలవాటేం కాదు. 1951లో వచ్చిన పాతాళభైరవికి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ఉంది. అంటే చదివిన కథ తెర మీద ఎట్ల ఉంటదో అన్న ఆత్రం మన తాతల కాలం నుంచే ఉంది.

ఈరోజు నేను చెప్పేది మాత్రం ఇంకో రకం ఎదురుచూపు గురించి. కథ పుస్తకంలో కాదు, మన ఊళ్లల్లో, మన అడవుల్లో జరిగి ఉంటే? ఆ హీరో పేరు మీద ఇప్పుడు ఒక జిల్లానే ఉంటే? అట్లాంటి మనిషిని ఫాంటసీ సినిమాలో చూపిస్తున్నామంటే, మనం ఏం ఆశించాలి? మీకు అర్థమైపోయి ఉంటది. మనం మాట్లాడేది ఆర్ఆర్ఆర్ గురించి, కొమురం భీమ్ గురించి.

ముందు టీజర్ రోజుకు పోదాం. 2020 అక్టోబర్ 22. భీమ్ జయంతి. 'రామరాజు ఫర్ భీమ్' అని వీడియో వదిలారు. ఎన్టీఆర్‌ను చూసి ఫ్యాన్స్ ఊగిపోయారు. కానీ చివర్లో ఒక షాట్ ఉంది. భీమ్ కళ్లకు సుర్మా, తల మీద టోపీ. అక్కడి నుంచి గొడవ మొదలైంది. నిజాం సర్కారు మీద కొట్లాడి ప్రాణం ఇచ్చిన మనిషికి ఆ వేషం ఏందని ఆదిలాబాద్‌లో చాలామంది ఆదివాసీలు బాధపడ్డారు. అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు కూడా అభ్యంతరం చెప్పారు.

2022 మార్చి 25న సినిమా వచ్చాక ఆ వేషం సంగతి తేలింది. కథలో భీమ్ ఢిల్లీలో అఖ్తర్ అనే పేరుతో దాక్కుంటాడు, అంతే. అప్పుడు చాలామంది 'చూశారా, అనవసరంగా గొడవ చేశారు' అన్నారు. నేను కూడా అన్నా. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఒకటి అనిపిస్తది. ఆ కోపం ఒక టోపీ గురించి మాత్రమే కాదు. మా మనిషి కథ ఇన్నేళ్లకు పెద్ద తెర మీదికి వస్తుంది, అది కూడా మా కథ లెక్క ఉండదేమో అన్న భయం అది. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

రాజమౌళి గారు ఏదీ దాచలేదు. 2019 మార్చి ప్రెస్ మీట్‌లోనే ఇది కల్పిత కథ అని స్పష్టంగా చెప్పారు. ఆయనకు వచ్చిన ఐడియా ఏందంటే, అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ ఇద్దరూ యువకులుగా ఉన్నప్పుడు కొన్నేళ్లు ఇల్లు విడిచి వెళ్లారు. ఆ టైంలో ఏం జరిగిందో సరిగా తెలియదు. ఆ ఖాళీలో వాళ్లిద్దరూ కలిసి ఉంటే? సినిమా మొత్తం ఈ ఒక్క 'ఉంటే' మీద నిలబడింది. ఐడియాగా సూపర్. కాదనలేం.

కానీ కాలం లెక్క చూడండి. అల్లూరి 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో పోరాటం మొదలుపెట్టారు. 1924 మేలో అమరుడయ్యారు. ఆయన కొట్లాడింది బ్రిటిష్ వాళ్లతో. భీమ్ పోరాటం ముదిరింది 1930ల చివర్లో. జోడేఘాట్ గుట్టల్లో ఆయన ప్రాణం పోయింది 1940లో. మధ్యలో 16 ఏళ్ల తేడా. ఇంకా ముఖ్యమైన విషయం, ఆదిలాబాద్ అప్పుడు బ్రిటిష్ ఇండియాలో లేదు, నిజాం రాజ్యంలో ఉంది. భీమ్ ఎదురుగా ఉన్నది తెల్ల గవర్నర్ కాదు. నిజాం అటవీ శాఖ, రెవెన్యూ ఉద్యోగులు, పట్వారీలు, బయటి నుంచి వచ్చి భూములు రాయించుకున్న షావుకార్లు.

సినిమాలో గవర్నర్ భార్య చిన్నపిల్ల మల్లిని తీసుకుపోతది. అది కల్పన. చరిత్రలో తీసుకుపోయింది అడవిని. అది ఒక్క రోజులో, ఒక్క విలన్ చేసిన పని కాదు. ఒక గీత గీసి, ఈ గీత అవతల రిజర్వ్ ఫారెస్ట్ అన్నారు. తరతరాలుగా పోడు కొట్టుకున్న చోట పంట వేస్తే నేరం. పశువులు మేపితే పన్ను, కట్టెలు తెచ్చుకుంటే పన్ను. భూమికి పట్టా కావాలంటే ఆఫీసు, ఆఫీసులో రాత, ఆ రాత గోండులకు రాదు. కాయితం తెలిసినోడు భూమి పట్టుకుపోయిండు. ఇది తెర మీద చూపించడం కష్టం. ఫారెస్ట్ బౌండరీ రాయికి కొమ్ములు పెట్టి విలన్‌ను చేయలేం కదా. అందుకే సినిమాకు స్కాట్ దొర కావాల్సి వచ్చింది.

ఇక ఆ 'ఖాళీ' సంగతి. అసలు పాయింట్ ఇదే.

భీమ్ ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో పుట్టాడు. తండ్రి అటవీ సిబ్బంది చేతిలో చనిపోయాడని చెప్తారు. కుటుంబం సుర్దాపూర్ పోయింది. అక్కడ వాళ్లు పండించిన పంట నాదంటూ వచ్చిన సిద్ధిఖ్ అనే అతన్ని కొట్లాటలో భీమ్ చంపేశాడు. ఇక ఊళ్లో ఉండలేక పారిపోయాడు. ఇంతవరకు సినిమాకు సరిపోయే బ్యాక్‌స్టోరీనే. మరి ఎక్కడికి పోయాడు?

మన దగ్గర చెప్పుకునే కథలో దీనికి సమాధానం ఉంది. చంద్రాపూర్ వైపు పోయాడు. అక్కడ విఠోబా అనే ఆయన దగ్గర ఉన్నాడు. ఆయన ప్రింటింగ్ ప్రెస్ నడిపేవాడు, పత్రిక తీసేవాడు. ఆ ప్రెస్‌లోనే భీమ్ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. విఠోబాను పోలీసులు పట్టుకుపోయాక అస్సాం వెళ్లి, టీ తోటల్లో కూలీగా కొన్నేళ్లు పని చేశాడు. అక్కడి కూలీల కొట్లాటలు చూశాడు. తర్వాత తిరిగొచ్చాడు. వచ్చాక భూమి కోసం దరఖాస్తులు రాయగలిగాడు, అధికారులతో మాట్లాడగలిగాడు. మాట వినకపోయేసరికి జోడేఘాట్, బాబేఝరి చుట్టుపక్కల 12 గూడేలను కూడగట్టాడు.

అంటే సినిమాకు ఖాళీగా కనిపించిన పేజీ మన దగ్గర ఖాళీ కాదు. దాంట్లో ఒక అచ్చు మిషన్ ఉంది, అక్షరాలు ఉన్నాయి, అస్సాం టీ తోట ఉంది. దీంట్లో ప్రతి అడుగుకూ ఆఫీసు రికార్డు చూపించమంటే కష్టమే, చాలావరకు నోటిమాటగా వచ్చిన చరిత్ర. కానీ నోటిమాటగా ఉందంటే లేనట్టు కాదు. రాయడం రాని జనం చరిత్ర ఇంకెక్కడ ఉంటది మరి?

ఆ నోటిమాటను పుస్తకంలోకి తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క, చాలా ఎక్కువ అని జనం మాట. ఆ తర్వాత 1983లో సాహు, అల్లం రాజయ్య కలిసి 'కొమురం భీము' నవల రాశారు. రాజయ్య గారిది మన పాత కరీంనగర్ జిల్లా, మంథని దగ్గర గాజులపల్లి. తెలుగులో భీమ్‌ను చాలామందికి పరిచయం చేసింది ఆ నవలే. భీమ్ చనిపోయిన 43 ఏళ్లకు వచ్చింది.

మరి సినిమా? ఇక్కడ రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడండి. 1974లో కృష్ణ గారి అల్లూరి సీతారామరాజు వచ్చింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ సినిమా. ఇప్పటికీ టీవీలో వస్తే చూస్తం. భీమ్ మీద అల్లాణి శ్రీధర్ గారు 1990లో సినిమా తీశారు, భూపాల్ రెడ్డి గారు భీమ్‌గా చేశారు. నంది అవార్డులు కూడా వచ్చాయి. అది థియేటర్‌కు ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2010లో. 20 ఏళ్లు! ఆర్ఆర్ఆర్ విడుదల తేదీ 2020 జూలై నుంచి 2022 మార్చి దాకా వాయిదాలు పడితేనే మనం మీమ్స్ వేసుకున్నం. ఆ సినిమా కోసం ఒక తరం పుట్టి పెద్దదైపోయింది. ఆ 20 ఏళ్లలో ఎవరైనా ట్రెండ్ చేశారా? కౌంట్‌డౌన్ పెట్టారా? లేదు. ఎదురుచూసిన వాళ్లు గూడేల్లో ఉన్నారు. వాళ్ల ఎదురుచూపు మనకు వినిపించలేదు.

ఇప్పుడు 2020 టీజర్ గొడవను మళ్లీ ఒకసారి తలుచుకోండి. ఆ భయం ఎక్కడిదో ఇప్పుడు అర్థమవుతది.

నేను ఆర్ఆర్ఆర్‌కు వ్యతిరేకం కాదు. కరీంనగర్‌లో ఫస్ట్ వీక్‌లోనే చూసినా. భీమ్‌ను కొరడాతో కొట్టే సీన్‌లో సుద్దాల అశోక్ తేజ గారు రాసిన పాట వస్తుంటే హాలంతా సైలెంట్. ఆ పాట పాడినందుకు కాలభైరవకు జాతీయ అవార్డు వచ్చింది. ఆస్కార్ తెచ్చిన నాటు నాటు రాసిన చంద్రబోస్ గారు కూడా మన పక్కనే, చల్లగరిగ మనిషి. ఈ సినిమా వల్ల జపాన్‌లో, అమెరికాలో కూడా భీమ్ పేరు పలికారు. ఇది చిన్న విషయం కాదు.

ఇంకోటి చెప్పాలి. సినిమా చివర్లో రామరాజు భీమ్‌ను 'నీకు ఏం కావాలి' అని అడుగుతాడు. భీమ్ అడిగేది చదువు. తనకూ, తన వాళ్లకూ. థియేటర్‌లో ఆ సీన్ నాకు నచ్చింది. తర్వాత చరిత్ర చదివాక అదే సీన్ దగ్గర ఆగిపోయినా. ఎందుకంటే జనం చెప్పుకునే కథలో భీమ్ చదువు ఎవరినో అడిగి తీసుకోలేదు. ఆ 'ఖాళీ' ఏళ్లల్లోనే ప్రెస్‌లో పని చేసుకుంటూ నేర్చుకున్నాడు. కల్పిత కథ ఎటెటో తిరిగి చివరికి అక్షరం దగ్గరికే వచ్చింది. కాకపోతే ఇచ్చే చెయ్యి, తీసుకునే చెయ్యి మారిపోయాయి. నాకు టోపీ కంటే ఇదే పెద్ద మార్పు అనిపించింది.

ఆ అక్షరం కథ భీమ్‌తోనే ఆగలేదు కూడా. ఆయన చనిపోయాక నిజాం సర్కారుకు భయం పట్టుకుంది, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో ఆయన దగ్గర జర్మన్ పాస్‌పోర్ట్ ఉండడంతో రాజ్యం దాటి పోనివ్వలేదు. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూర్ దగ్గర మార్లవాయి గూడెంలో ఉండి పని చేశారు. ఆయన రిపోర్టుల తర్వాత గోండులకు పట్టాలు ఇవ్వడం మొదలైంది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు ట్రైనింగ్ సెంటర్ పెట్టారు, గోండీలో వాచకాలు వేశారు. 1987లో బెట్టీ చనిపోతే ఆమె సమాధి కూడా మార్లవాయిలోనే కట్టారు. భీమ్ బతికి ఉండగా దరఖాస్తు పెడితే రానిది, ఆయన పోయాక కొంతైనా వచ్చింది.

ఇప్పుడు నా పాత ఉద్యోగం లైన్‌లో ఒక మాట. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండీ సొంత లిపిలో రాసిన పాత చేతిరాత ప్రతులు దొరికాయి. దాన్ని గుంజాల గోండీ లిపి అంటారు. 2018లో యూనికోడ్ 11లో ఆ లిపికి చోటు దొరికింది. యూనికోడ్ అంటే సింపుల్‌గా, ప్రపంచంలో ప్రతి అక్షరానికి ఒక నంబర్. ఆ నంబర్ ఉంటేనే అక్షరం ఫోన్‌లో టైప్ అయితది, మెసేజ్‌గా పోతది, సెర్చ్‌లో దొరుకుతది. నంబర్ లేకపోతే అది ఫోటో మాత్రమే. ఒకప్పుడు కాయితం మీద రాత రాక భూమి పోగొట్టుకున్న జనం భాషకు, ఇప్పుడు ఫోన్‌లో సొంత అక్షరం ఉంది. ఇది ఏ సినిమా క్లైమాక్స్‌కూ తక్కువ కాదు నా దృష్టిలో.

మరి మొదటి ప్రశ్నకు వద్దాం. ఇట్లాంటి సినిమా వస్తుందంటే మనం ఏం ఆశించాలి? సినిమా పాఠ్యపుస్తకం లెక్క ఉండాలని నేను అనను. అట్ల ఉంటే మనమే చూడం. కల్పన అని చెప్పి తీసినప్పుడు కల్పనగానే చూడాలి. కానీ 'ఇక్కడ ఏం జరిగిందో ఎవరికీ తెలియదు' అన్న మాట వినబడితే, ఎవరికి తెలియదు అని ఒకసారి అడగాలి. మనకు తెలియకపోవడం వేరే, అసలు లేకపోవడం వేరే. సినిమాను ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూసే ఓపికలో పదో వంతు ఇటువైపు పెడితే ఆ పేజీ మనకూ కనిపిస్తది.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి కెరమెరి మండలం జోడేఘాట్‌లో భీమ్ వర్ధంతి చేస్తారు. గోండు సంప్రదాయంలో పూజలు జరుగుతాయి. అక్కడ మ్యూజియం కూడా ఉంది. ఆసిఫాబాద్ నుంచి ఘాట్ రోడ్, వానాకాలం తర్వాత గుట్టలన్నీ పచ్చగా ఉంటాయి. రీల్ చేసుకోండి, తప్పు లేదు. కానీ ఎవరైనా పెద్దమనిషి కనిపిస్తే, 'దాదా, భీమ్ చంద్రాపూర్ నుంచి అస్సాం ఎట్ల పోయిండు?' అని అడగండి. కథ చెప్పినంతసేపు ఫోన్‌లో రికార్డ్ చేయండి, ముందు పర్మిషన్ అడిగి. భీమ్ మీద రేపు ఇంకో సినిమా వస్తే, తీసేవాళ్లకు ఆ పేజీ ఖాళీగా కనిపించకూడదు.