తప్పిపోని సమాధి

'డాన్ కిహోటే' రాసిన సెర్వాంటెస్ 1616 ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లో చనిపోతే ట్రినిటేరియన్ సన్యాసినుల మఠంలో పూడ్చిపెట్టారు. అల్జీర్స్‌లో ఓడదొంగల చెర నుంచి 1580లో సొమ్ము కట్టి ఆయన్ని విడిపించింది ఆ సంప్రదాయం వాళ్లే. ఆ శతాబ్దం తిరక్కముందే మఠాన్ని కొత్తగా కట్టారు. ఆ సందట్లో ఎముకలు చోటు మారి, ఆనవాలు పోయింది. 2014లో రాడార్‌తో నేలను గాలించారు. 2015 మార్చిలో, ఆయన భార్యవీ మరికొందరివీ కలిసిపోయిన ఎముకల్లో ఆయనవీ ఉన్నట్టేనని ప్రకటించారు గానీ, ఏది ఎవరిదో మాత్రం తేల్చలేకపోయారు. ఆయన పోయిన 55 ఏళ్లకు, 1671లో, తుంగభద్ర ఒడ్డున మంచాలలో ఇంకో గ్రంథకర్త బృందావనస్థులయ్యారు. ఆ మంచాలే నేటి మంత్రాలయం. రాఘవేంద్రస్వామి ఎక్కడున్నారని ఈ మూడున్నర శతాబ్దాల్లో ఎవరూ వెతుక్కోవలసి రాలేదు.

దేవుడిగా కొలిచారు కాబట్టి ఆ సమాధి నిలిచింది, రచయితగానే మిగిలితే ఇదీ పోయేదే అని ఎవరైనా అనొచ్చు. అందులో సగం నిజముంది. అయితే భక్తి అనే మాట ఒక్కటే సరిపోదు, ఆ భక్తి ఏ పని చేయించిందో చూడాలి. గృహస్థుకు దహనం ఉంది. సన్యాసం పుచ్చుకున్నప్పుడే అగ్నిని వదిలేసినవాడికి అది లేదు, మట్టే గతి. మధ్వ సంప్రదాయంలో ఆ మట్టి మీద నిలిపే రాతి కట్టడమే బృందావనం. బృంద అంటే తులసి. మెట్లుమెట్లుగా పైకి లేచిన ఆ చదరపు రాయి మన పెరటి తులసికోటకు పెద్దన్నలా ఉంటుంది, పైన మట్టి పోసి తులసి నాటుతారు. కిటుకంతా ఇక్కడే ఉంది. రాతిని నాటి వదిలేయొచ్చు, తులసిని వదిలేస్తే ఎండిపోతుంది. రోజూ నీళ్లు పోయాలి, నిర్మాల్యం తీయాలి, అభిషేకం చేయాలి. అంటే ఈ సమాధికి కట్టిన నాడే ఒక దినచర్య అంటగట్టారన్నమాట. పైగా ఇక్కడి మృత్తికను తీసుకెళ్లి ఊరూరా మృత్తికా బృందావనాలు ప్రతిష్ఠించుకున్నారు. ఒకవేళ మూలం మరుగున పడినా, దారి చెప్పే పిల్ల బృందావనాలు వందల చోట్ల ఉన్నాయి.

దినచర్యకు ఖర్చవుతుంది. మంచాల గ్రామాన్ని ఇచ్చింది బీజాపూరు సుల్తానుల తరఫున ఆదవానిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ అని సంప్రదాయం. తర్వాత ఆదవాని మొగలాయిల చేతికి, నిజాంకు, 1800లో కంపెనీకి పోయింది. దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రోతో స్వామివారు బృందావనం లోంచి మాట్లాడారన్న కథ ఈ ప్రాంతంలో వినని వాళ్లుండరు. మాటల సంగతి నమ్మకానికి వదిలేద్దాం. నాకు మాత్రం ఆ కథలో అసలు పాత్ర శిస్తే అనిపిస్తుంది. మాన్యం ఉంటుందా పోతుందా అన్నదే అక్కడి ప్రశ్న. సమాధి చరిత్ర అడిగితే జనం రెవెన్యూ కథ చెప్పడం ఊరికే కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఊరూ మఠమూ మునిగినప్పుడు కూడా, నీరు తీశాక బురద ఎత్తిపోసి పూజ మళ్లీ మొదలుపెట్టారు.

మాడ్రిడ్ మఠమూ మూతపడలేదు కదా, అక్కడా నిత్యం ప్రార్థన జరిగింది కదా అనొచ్చు. జరిగింది, నిజమే. కానీ ఆ ప్రార్థనకు సెర్వాంటెస్ పడుకున్న చోటుతో పని లేదు, శవపేటిక జరిగినా గంట ఎప్పటిలాగే మోగుతుంది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఆనెగొంది నుంచి వస్తుంది. అక్కడ తుంగభద్ర లంకలో తొమ్మిది బృందావనాలున్నాయి, రాఘవేంద్రుల గురువు సుధీంద్రతీర్థులదీ అక్కడే. పూజలకు లోటు లేదు, అయినా వాటిలో ఒకటి జయతీర్థులదా రఘువర్యులదా అని మఠాల మధ్య ఇంకా తగవే. ఇది నా వాదనకు హద్దు గీస్తుందని ఒప్పుకోవాలి. పూజ చోటును కాపాడుతుంది, పేరును కాపాడేది పరంపర. పరంపరలు రెండైతే పేరు కూడా రెండవుతుంది. అదే దీవిలో 2019 జులైలో వ్యాసరాయల బృందావనాన్ని దుండగులు తవ్వి పడగొడితే, రోజుల్లోనే మళ్లీ నిలబెట్టారు. ఆ చోటు విషయంలో ఎవరికీ సందేహం లేదు మరి.

పేరు నిలిచి చోటు మారిన వైనం కూడా మంత్రాలయం ఉన్న జిల్లాలోనే మొదలైంది. 1827 జులై 6న మన్రో పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. కాగితాలున్నాయి గనుక ఆయన తప్పిపోలేదు. ఆ తవ్వకం, మోత దొరతనానికి చెల్లింది. బృందావనం విషయంలో అలా కదిలించాలన్న ఊహే ఎవరికీ రాదు.

ఇక రచయిత సంగతి. జయతీర్థుల 'న్యాయసుధ' మీద రాఘవేంద్రులు రాసిన వ్యాఖ్య పేరు 'పరిమళ'. మంత్రాలయంలో దర్శనం వరుసలో నిలబడ్డవారిలో దాన్ని తెరిచి చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. కానీ తిరుగు ప్రయాణంలో ప్రతి సంచిలోనూ ఒక ప్రసాదం పొట్లం ఉంటుంది. దాన్ని అడిగేది పరిమళ ప్రసాదమనే.