వేదిక మీద ఎవరు? జ్యూరిక్ నుంచి హైదరాబాదు దాకా



ఉగాది సభకు వక్తల పేర్లు రాసుకొనే సమయం వచ్చింది. అందుకని ఒక పాత చరిత్ర చెప్పుకొందాం.

లెక్కల పండితులకు ఒక ప్రపంచ మహాసభ ఉంది. సాధారణంగా నాలుగేండ్లకొకసారి కూడుతుంది. మొదటిది 1897లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో జరిగింది. రెండు వందల మందికి పైన వచ్చినారు. ఆడవాళ్ళు నలుగురే. ఆ నలుగురిలో ఒక్కరూ ప్రసంగించలేదు.

1932లో అదే జ్యూరిక్‌లో జర్మనీ నుంచి వచ్చిన ఎమ్మీ నోథర్ గారు ప్రధాన ప్రసంగం చేసినారు. ఆడవాళ్ళలో ఆమే మొదలు. గోటింగెన్ యూనివర్సిటీలో తన పేరుతో పాఠం చెప్పే హక్కు ఆమెకు 1919 దాకా ఇయ్యలేదు. అంతవరకు హిల్బర్ట్ గారి పేరు మీద చెప్పినారు. జ్యూరిక్ సభ అయిన మరుసటి ఏడే నాజీ ప్రభుత్వం, యూదురాలని, ఉద్యోగం తీసేసింది.

దారి తెరుచుకొంది కదా, వెనకనే ఇంకొందరు వచ్చి ఉంటారనుకొంటాం. రాలేదు. ప్రధాన ప్రసంగం చేసిన రెండో ఆవిడ కేరెన్ ఉలెన్‌బెక్ గారు, 1990లో, జపాన్ క్యోటోలో. మధ్యలో 58 ఏండ్లు! అంతకాలం తగినవాళ్ళు లేకనా? ఇంగ్లండులో మేరీ కార్ట్‌రైట్, అమెరికాలో జూలియా రాబిన్‌సన్ వంటివాళ్ళు ఉన్నారు. కాని వక్తలను ఏరేది ఒక చిన్న కమిటీ. కమిటీకి గుర్తొచ్చిన పేర్లే పట్టికలోకి ఎక్కుతాయి. రైల్వేలో పని చేసిన మాకు తెలిసినదే: చార్ట్ వేసినాక బెర్త్ అడిగి లాభం లేదు.

2010లో ఆ మహాసభ మన హైదరాబాదుకు వచ్చింది. దానికి ముందు రెండు రోజులు మహిళా గణితవేత్తలు అక్కడే వేరుగా కూడినారు. మహాసభలో ప్రధాన ప్రసంగం చేసినవాళ్ళలో రామన్ పరిమళ గారు ఒకరు. మద్రాసు స్టెల్లా మేరీస్ కాలేజీలో చదివి, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పని చేసినావిడ. నాలుగేండ్లకు, 2014లో సియోల్‌లో, ఇరాన్ అమ్మాయి మర్యమ్ మీర్జాఖానీకి ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. 1936 నుంచి ఇస్తున్న ఆ మెడల్ ఒక ఆడమనిషికి రావడం అదే మొదలు.

ఇక మన సభ సంగతి. దీపం వెలిగించేది, ప్రార్థన పాడేది మన ఆడబిడ్డలు; మైకు మాత్రం మగవాళ్ళకు. కాలేజీలో పాఠం చెప్పే కోడండ్లు, బాంకులో అధికారం చేసే కూతుండ్లు మన ఇండ్లలోనే ఉన్నారు. "పిలిస్తే రారు" అంటారు కొందరు పెద్దలు. ఎవరిని, ఎప్పుడు పిలిచినాము? సాయంకాలం ఇంటిపని వేళ సభ పెట్టి, రాలేదంటే న్యాయమా?

ఆహ్వానం అచ్చుకు పోయేముందే, ఒక్కొక్క ఇంటి నుంచి మాట్లాడగల ఒక ఆడమనిషి పేరు, ఆమెకు కుదిరే వేళ, కార్యదర్శి గారికి తెలపండి. పట్టిక ఇంకా ఖాళీగానే ఉంది.