పడవలో కరెంటు

చేవెళ్ళ, మొయినాబాదు వైపు అక్కచెల్లెళ్ళను సముద్రం ఎంత దూరమని అడిగితే నవ్వుతారు. సముద్రం లేదుగాని సాగరాలు రెండున్నాయి కదా! 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. ఆ 1920లోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో కరెంటు తీసే పవర్‌హౌస్ కూడా వచ్చింది. నీళ్ళూ కరెంటూ పట్నానికి జంటగా వచ్చాయన్నమాట. ఈ రెండూ ఒక్క పడవలో ఎలా కాపురం చేస్తాయో, సొంత పడవలకు కరెంటు పనిచేసే మెకానిక్కు ఎందుకంత జాగ్రత్త కావాలో ఇవాళ చెప్పుకుందాం.

నిజానికి మనిషి తీసుకురాకముందే కరెంటు ఓడలో చేరి కూర్చుంది. 1761లో ఇంగ్లీషువాళ్ళు చెక్కను పురుగు తొలవకుండా 'అలారం' అనే యుద్ధనౌక అడుగున రాగిరేకులు పరిచారు. రెండేళ్ళకు తీసి చూస్తే, రేకులను పట్టి ఉంచిన ఇనుపమేకులు చాలాచోట్ల తినేసినట్లు అయిపోయాయి. రాగికీ ఇనుముకూ మధ్య, రేకులకు చుట్టి వచ్చిన ముతక కాగితం చిరగకుండా మిగిలిన చోట మాత్రం మేకులు చెక్కుచెదరలేదు. పచారీ కొట్టు పొట్లం కాగితంలాంటిది చేసిన ఉపకారం చూడండి! రెండు వేరువేరు లోహాలు ఉప్పునీటిలో తాకితే సన్నగా కరెంటు పుడుతుందనీ, అందులో ఒకటి అరిగిపోతుందనీ అప్పటికి ఎవరికీ తెలియదు.

1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఉపాయం చెప్పాడు. రాగికి జింకు ముక్కనో ఇనుప ముక్కనో తగిలిస్తే అది తాను అరిగి రాగిని కాపాడుతుందన్నాడు. కాపాడింది కూడా. కాని అరగని రాగి మీద నాచూ గుల్లలూ పెరిగి ఓడల నడక మందగించింది! అయినా ఆ ఉపాయం పోలేదు. ఇప్పటికీ సముద్రపు పడవ ఒడ్డెక్కగానే మెకానిక్కు ముందు చూసేది ఆ జింకు బిళ్ళనే. సగం అరిగితే మార్చేస్తాడు. మన ఇంటి గీజరులో ఉండే కడ్డీ పని కూడా ఇదే.

కరెంటుతో పడవ నడపటం 1838లో రష్యాలోని నేవా నదిలో జరిగింది. జాకోబీ అనే ఆయన బ్యాటరీలు పెట్టి, పది పన్నెండు మందిని ఎక్కించి తిప్పాడు. ఖర్చు మాత్రం తడిసి మోపెడు. దీపాల సంగతికొస్తే, 1880లో 'కొలంబియా' అనే అమెరికా ఓడకు ఎడిసన్ బల్బులు పెట్టాలని కంపెనీ యజమాని పట్టుబడితే, ఓడ కట్టినాయన నిప్పు భయంతో ఒప్పుకోలేదు. ఎడిసన్ మనుషులే వచ్చి బిగించారు. ఆయన భయం పిరికితనం కాదని నా ఉద్దేశం. చెక్క, నూనె, తడి ఉన్నచోట నిప్పురవ్వ ఒక్కటి చాలదూ?

అందుకే పడవలో వాడే తీగ ఇంటి తీగలాంటిది కాదు. ఒంటి తీగయితే ఇంజను అదురుకు విరుగుతుంది కనుక సన్నపోగులు పేనుతారు. ఒక్కొక్క పోగుకూ కళాయి పూస్తారు. అవును, మన ఇత్తడి గిన్నెలకు పెట్టించుకునే కళాయే! బ్యాటరీ పెట్టే అరకు గాలి ఆడాలి. ఛార్జి అయ్యేటప్పుడు వచ్చే వాయువుకు రవ్వ తగిలితే పేలుతుంది.

ఇక మన చెరువుల వాళ్ళు వినవలసిన మాట. లీకయిన కరెంటు విషయంలో సముద్రం కన్నా మంచినీరే ఎక్కువ ప్రమాదం. ఉప్పునీరు కరెంటుకు రాచబాట, మనిషిని పక్కన పెట్టి నీటిలోనే పోతుంది. మంచినీరు ఇరుకు సందు. మనిషి ఒంట్లో ఉప్పుంది కనుక మనిషిలోంచి పోవటం దానికి తేలిక. ఈతగాడికి కూడా కండరాలు బిగుసుకుపోతాయి, కేకైనా వెయ్యలేక మునిగిపోతాడు. ఒంటి మీద మచ్చ ఉండకపోవచ్చు. ఒడ్డునుంచి తీగ లాగి కట్టేసిన పడవైనా, అతుకుల తీగతో నీటిలోకి దించిన పొలం మోటారైనా ఒకటే. చేవెళ్ళ, మొయినాబాదు కూరగాయల తోటల వాళ్ళకు ఆ మోటార్ల సంగతి నేను చెప్పనక్కరలేదు. లీకయితే తనంతట తాను కట్టయ్యే స్విచ్చి ఒడ్డున పెట్టించటం ఎక్కడైనా అవసరమే.

అక్కడ ఎవరైనా నీటిలో గిలగిలలాడుతుంటే వెంటనే దూకకండి. ముందు ఒడ్డు మీద మెయిను ఆపాలి, తర్వాతే తాడో, పొడి కర్రో అందించాలి.